మూడో తరగతితో బడి మానిన ఇంజనీరు: కోయంబత్తూరు జి.డి.నాయుడు

బావి మీద, బోరు మీద మోటారు పెట్టుకున్న రైతుకు కోయంబత్తూరు పేరు కొత్త కాదు. పంపుసెట్టు మీద బిగించిన రేకు చూస్తే చాలాసార్లు ఆ ఊరి పేరే కనిపిస్తుంది. ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరు కూడా అక్కడి నుంచే వచ్చి ఉండవచ్చు. సముద్రం లేదు, ఓడరేవు లేదు, బొగ్గు గనులు లేవు, చెప్పుకోదగ్గ పెద్ద నది కూడా లేదు. అటువంటి ఊరు ఇన్ని యంత్రాలు ఎలా తయారు చేస్తున్నదని అడిగితే అక్కడి వారు ముందుగా చెప్పే పేర్లలో ఒకటి శ్రీ గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి ఆయన జి.డి.నాయుడుగా తెలుసు.

తమిళనాడులో ఆయన పేరు వినని వారు అరుదు. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టినా మన జిల్లాల్లో మాత్రం ఆయనను ఎరిగిన వారు తక్కువే. ఇంజనీరింగు చదివిన కుర్రవాడో, చదువుతున్న అమ్మాయో ప్రతి వీధిలోనూ ఉన్న ఈ రోజుల్లో, ఇంజనీరింగు చదువు ఎలా ఉండాలన్న ప్రశ్న మీద ప్రభుత్వంతోనే పేచీ పెట్టుకున్న ఈ మూడో తరగతి మనిషి జీవితం మన పల్లెల వారు తెలుసుకోదగ్గది.

మాస్టారి కంట్లో ఇసుక

శ్రీ నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దాపున ఉన్న కళంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాత నాయకరాజుల కాలంలోను మన వైపు నుంచి దక్షిణాదికి వెళ్లి అక్కడి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలో చాలా ఉన్నాయి. బయట తమిళం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగులో తమిళ మాటలు కలిసిపోయి మనకు కాస్త వింతగా వినిపిస్తుంది గాని అర్థం కాకపోదు.

చిన్నప్పుడే తల్లి పోయింది. బడి ఆయనకు పడలేదు. మాస్టారి కంట్లో ఇసుక కొట్టి పారిపోయాడని ఆ ఊళ్లో చెప్పుకునేవారు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. కొడుకు చదువుకు పనికిరాడని తెలిశాక తండ్రి చేసేదేముంది? పొలానికి కాపలా పెట్టారు. అయితే ఆ కాపలాలోనే కుర్రవాడు దొరికిన తమిళ పుస్తకమల్లా కూడబలుక్కుని చదివాడు. బడి అంటే గిట్టని వాడికి పుస్తకమంటే గిట్టదని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు.

ఇరవై ఏళ్ల వయసులో ఒక సంఘటన ఆయన దారి మార్చింది. ఆ ప్రాంతపు రెవెన్యూ శాఖలో పనిచేసే ఇంగ్లీషు దొర ఒకరు మోటారు సైకిలు మీద వెళ్లడం చూశారు. 1912 నాటి రడ్జి కంపెనీ బండి అది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి దానంతట అదే పోతున్నది. చూసిన వారంతా ఆశ్చర్యపడి ఊరుకున్నారు. నాయుడుకు అది ఎలా పోతున్నదో తెలుసుకోవాలని పట్టుదల కలిగింది. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి హోటల్లో సర్వరుగా చేరారు. దొరికిన పనల్లా చేశారు. మూడేళ్లపాటు కూడబెట్టిన డబ్బుతో ఆ దొర దగ్గరే ఆ బండిని 300 రూపాయలకు కొన్నారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

కొన్న బండి మీద ఊరేగి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. ఆయన దాన్ని పూర్తిగా విప్పేశారు. మరనూ మరనూ వేరు చేసి మళ్లీ బిగించారు. మళ్లీ విప్పారు. ఇంజనులో పెట్రోలు ఆవిరి ఎలా మండుతుందో, పిస్టను ఎలా కదులుతుందో, ఆ కదలిక చక్రానికి ఎలా చేరుతుందో ఎవరూ చెప్పకుండానే ఆయనకు బోధపడింది. మెకానిక్కు అయ్యారు. ఆయన చదివిన ఇంజనీరింగు కాలేజీ అదే, ఫీజు 300 రూపాయలు.

పత్తిలో వచ్చింది పత్తిలోనే పోయింది

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శ్రీ నాయుడు తిరుప్పూరులో పత్తి జిన్నింగు వ్యాపారంలోకి దిగారు. యుద్ధకాలం కావడంతో పత్తికి గిరాకీ ఉండి బాగా సంపాదించారు. ఆ ఊపులో బొంబాయి వెళ్లి అక్కడి పెద్ద పత్తి వ్యాపారులతో పోటీ పడ్డారు. సంపాదించినదంతా పోగొట్టుకుని తిరిగి వచ్చారు. పత్తి ధరల జూదం సంగతి మన గుంటూరు, ఆదిలాబాదు రైతులకు వేరే చెప్పనక్కరలేదు. తన చేతిలో ఉన్న పని వదిలి, తన చేతిలో లేని ధర మీద ఆధారపడితే ఏమవుతుందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ తరువాత ఆయన యంత్రాన్ని వదిలిపెట్టలేదు.

కోయంబత్తూరులో అప్పుడు స్టేన్సు దొర పేరు పెద్దది. 1888లో ఆ ఊళ్లో నూలు మిల్లు పెట్టించిన వారు రాబర్టు స్టేన్సు. ఆ కుటుంబానికి మోటారు వ్యాపారం కూడా ఉండేది. నాయుడు పనితనం చూసిన ఆయన 1920లో ఒక బస్సు ఇప్పించారు. ఖరీదు 8,000 రూపాయలు. సగం నాయుడు పెట్టుకున్నారు, మిగతా సగం దొర అప్పు ఇచ్చారని చెబుతారు. హామీగా రాసివ్వడానికి ఆస్తి లేదు, చూపడానికి సర్టిఫికెట్టు లేదు. పని చూసి ఇచ్చిన అప్పు అది.

పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సు నడిచింది. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ఏడాది పొడుగునా యాత్రికులు ఉంటారు. అప్పటికింకా ఆ దారిలో రైలు పడలేదు. ఎడ్లబండి మీద రోజంతా పట్టే ప్రయాణం కొన్ని గంటల్లో ముగుస్తుంటే జనం ఎందుకు ఎక్కరు? డ్రైవరు ఆయనే. దారిలో బండి ఆగిపోతే కిందికి దూరి బాగుచేసే మెకానిక్కూ ఆయనే.

ఒక్క బస్సు పదైంది, పది వంద అయింది. యూనివర్సల్ మోటార్ సర్వీసు, పొట్టిగా యు.ఎం.ఎస్. అని దానికి పేరు. 1930వ దశకం మొదట్లో ఆ కంపెనీ బస్సులు రెండు వందలకు పైబడ్డాయి. ఆ బస్సుల గురించి ప్రయాణికులు చెప్పుకున్నది వేగం గురించి కాదు, వేళ గురించి. బస్సు చెప్పిన వేళకు బయలుదేరేది. నిండినా నిండకపోయినా బయలుదేరేది. మన ఊళ్లకు వచ్చే బస్సుల కోసం రావిచెట్టు కింద గంటల తరబడి కూర్చున్న వారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

బస్సు నుంచి బడి దాకా

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రెండు వందల బస్సులు నడవాలంటే రెండు వందల ఇంజన్లు ఆరోగ్యంగా ఉండాలి. రేడియేటరు కారితే, ఆర్మేచరు కాలితే విడిభాగం ఇంగ్లాండు నుంచి ఓడలో రావాలి. నెలలు పడుతుంది. అంతవరకు బస్సు షెడ్డులో ఉంటే నష్టం ఎవరిది? అందుకని శ్రీ నాయుడు రిపేరు షెడ్డులు పెట్టారు. ఆ షెడ్డుల్లో రేడియేటర్లు తయారయ్యాయి. కాలిన ఆర్మేచర్లకు కొత్త తీగ చుట్టే పని మొదలైంది. ఆ పనులకు మనుషులు కావాలి. చదువుకున్న వారు చేతికి నూనె అంటించుకోరు, నూనె అంటించుకునే వారికి లెక్క తెలియదు. కనుక మనుషులను తామే తయారు చేసుకోవలసి వచ్చింది. అలా బస్సు కంపెనీ షెడ్డు అయింది, షెడ్డు కర్మాగారం అయింది, కర్మాగారం ఒక పాఠశాల అయింది. చాలాచోట్ల ముందు కాలేజీ కట్టి తరువాత ఉద్యోగాలు వెదుకుతారు. అక్కడ పని ముందు వచ్చింది, దాన్ని పట్టుకుని చదువు వచ్చింది.

అదే కాలంలో ఆ జిల్లాకు ఇంకొక మేలు జరిగింది. నీలగిరి కొండల్లోని పైకారా జలపాతం దగ్గర కట్టిన విద్యుత్ కేంద్రం నుంచి 1930వ దశకం తొలి సంవత్సరాల్లో కోయంబత్తూరుకు కరెంటు వచ్చింది. అది వాన తక్కువ ప్రాంతం. వ్యవసాయం అంతా బావుల మీద. లోతైన బావులు, వాటి మీద ఎద్దులతో కపిల తోలడం. తెలంగాణలో మోట కొట్టడం అంటామే, అదే పని. ఎకరం తడపడానికి ఎద్దులకూ మనిషికీ ప్రాణం మీదికి వచ్చేది. కరెంటు రాగానే రైతుకు మోటారు కావలసి వచ్చింది. నూలు మిల్లులకూ మోటార్లు కావలసి వచ్చింది. సీమ నుంచి వచ్చే మోటారు ధర రైతుకు అందేది కాదు.

శ్రీ నాయుడు, శ్రీ డి.బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సులో 1937లో విద్యుత్ మోటారు తయారు చేశారు. మన దేశంలో దేశీయంగా తయారైన మొదటి మోటారు ఇదేనని అక్కడ చెబుతారు. మొదటిదా రెండోదా అన్న తగవు అలా ఉంచితే, రైతు కొనగలిగిన మోటారు అక్కడి నుంచే మొదలైందన్నది నిజం. బాలసుందరం నాయుడు ఆ తరువాత టెక్స్‌టూల్ అనే పెద్ద కంపెనీ స్థాపించారు. ఒక షెడ్డులో పని నేర్చిన వాడు మరొక షెడ్డు పెట్టడం, అతని దగ్గర నేర్చిన వాడు ఇంకొకటి పెట్టడం ఆ ఊళ్లో ఆనవాయితీ అయింది.

మోటారు అంటే బ్రహ్మవిద్య కాదు. పలుచని ఉక్కు రేకులు దొంతరగా పేర్చి, గాళ్లలో రాగి తీగ చుట్టి, వార్నీషు పట్టించి, నడుమ తిరిగే రోటరును బేరింగుల మీద కూర్చోబెడితే మోటారు. మన మండల కేంద్రాల్లో మోటారు వైండింగు షాపుల్లో పనిచేసే కుర్రవాళ్లు రోజూ చేసే పని అదే. వోల్టేజీ పడిపోయి కాలిన మోటారును ఉదయం తెచ్చిపడేస్తే, పొద్దుగూకేలోగా విప్పి, పాత తీగ లాగి, చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి ఇస్తారు. వారిలో చాలామంది పదో తరగతి తప్పిన వారే. ఆ తీగ ఎన్ని చుట్లు చుట్టాలో వారికి తెలుసు, ఎందుకు అన్ని చుట్లో తెలియదు. ఎందుకో తెలిసిన ఇంజనీరింగు పట్టభద్రుడు అదే వీధిలో ఉద్యోగ ప్రకటనలు చూసుకుంటూ ఉంటాడు. ఈ ఇద్దరినీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాలన్నదే శ్రీ నాయుడు జీవితమంతా చేసిన ప్రయత్నం అని నాకు తోస్తుంది.

నాలుగేళ్లా, రెండేళ్లా

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి దేశంలో పని తెలిసిన వారి కొరత బయటపడింది. ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు వేల సంఖ్యలో కావలసి వచ్చి ప్రభుత్వమే హడావుడిగా శిక్షణలు మొదలుపెట్టింది. యుద్ధం ముగిసే నాటికి మద్రాసు రాష్ట్రంలో కొత్త ఇంజనీరింగు కాలేజీలు కావాలన్న ఆలోచన బలపడింది. అంతవరకు తెలుగు కుర్రవాళ్లకు గానీ తమిళ కుర్రవాళ్లకు గానీ గిండీ కాలేజీయే గతి. నిజాం రాష్ట్రంలో ఉస్మానియా ఇంజనీరింగు కాలేజీ 1929 నుంచి ఉంది. మన అనంతపురం, కాకినాడ కాలేజీలు 1946లో మొదలైనవే. కాకినాడ కాలేజీ మొదట విశాఖపట్నంలో పెట్టి తరువాత మార్చినదన్న సంగతి పాతవారికి తెలుసు.

వాటికి ఒక ఏడాది ముందు, 1945లో, కోయంబత్తూరులో శ్రీ నాయుడు పూనికతో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. మూడో తరగతి దాటని శ్రీ నాయుడే ప్రిన్సిపాలు. ఇటువంటి వింత ఈ రోజున జరగదు. దరఖాస్తు ఫారం దగ్గరే ఆపేస్తారు.

ప్రిన్సిపాలుగా కూర్చున్న తరువాత ఆయన మొదటిగా ప్రశ్నించింది కోర్సు కాలాన్నే. ఇంజనీరింగుకు నాలుగేళ్లు దండగ అన్నారు. సెలవులు తీసేసి, పనికిరాని పాఠాలు తీసేసి, రోజంతా వర్క్‌షాపులోనూ తరగతిలోనూ గడిపిస్తే రెండేళ్లలో అదే చదువు పూర్తి చేయవచ్చునని, ఆ వ్యవధిలోనే ఒకటికి రెండు కోర్సులు కూడా నేర్పవచ్చునని వాదించారు. రైతు బిడ్డకు నాలుగేళ్లంటే తండ్రికి నాలుగు పంటల అప్పు. రెండేళ్లు మిగిలితే ఆ కుర్రవాడు రెండేళ్లు ముందుగా సంపాదనలో పడతాడు. పైగా మిషను మీద పని చేస్తూ నేర్చిన వాడు ఉద్యోగం దొరక్కపోయినా ఒక షెడ్డు పెట్టుకుని బతకగలడు.

బ్రిటిషు ప్రభుత్వం ఒప్పుకోలేదు. డిగ్రీ అంటే ఇన్ని సంవత్సరాలు, ఇన్ని పేపర్లు అని దానికి ఒక లెక్క ఉంది. శ్రీ నాయుడు కూడా తగ్గలేదు. ప్రిన్సిపాలు పదవికి రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. కాలేజీ ప్రభుత్వం చేతుల్లో నడిచింది, తరువాత తడాగం రోడ్డుకు మారింది. ఇప్పుడు దాని పేరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల. తమిళనాడులో మంచి పేరున్న కాలేజీల్లో అదొకటి. నాలుగేళ్ల చదువే అక్కడ నడుస్తున్నది.

ఎవరిది ఒప్పు? నాగార్జునసాగర్ ఆనకట్ట లెక్కలు వేయడానికి రెండేళ్ల చదువు చాలదు. నేల గట్టితనం, నీటి ఒత్తిడి, భూకంపాల లెక్క తెలియకుండా గోడ కడితే కింద ఉన్న పల్లెలు మిగలవు. అక్కడ నాలుగేళ్లు కూడా తక్కువే. ఆ సంగతిలో ప్రభుత్వం వారి పక్షాన న్యాయం ఉంది. కాని ఏటా బయటికి వచ్చే వేలాది మంది ఇంజనీర్లలో ఆనకట్టలు కట్టే వారు ఎందరు? మిగిలిన వారికి పంపులు, మిల్లులు, బస్సులు, కరెంటు లైన్లే కదా పని. వారి విషయంలో శ్రీ నాయుడు మాటను పూర్తిగా కొట్టివేయడం కష్టం. ఒక కొలతతో అందరికీ చొక్కాలు కుట్టడం వల్లనే తగాదా వచ్చింది.

పదవి వదిలినా ఆయన విద్యార్థులను వదలలేదు. తన కర్మాగారాల్లో వారికి ప్రత్యేకంగా శిక్షణ తరగతులు నడిపించారు. మోటారు ఇంజన్లు, రేడియోలు వంటివి చేతితో విప్పి బిగించి నేర్చుకునే పద్ధతి. ఆయన దగ్గర తయారైన వారికి డిగ్రీ లేదు, పని ఉంది.

ఐదో వాటా

ఇంజనీరింగు చదువుకు, పరిశ్రమకు లంకె వేయడంలో ఆ ఊళ్లో శ్రీ నాయుడు ఒంటరి కాదన్నది కూడా చెప్పుకోవాలి. పీలమేడులోని పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కుమారులు 1926లో ఆస్తి పంపకాలు చేసుకుంటూ నాలుగు వాటాలు కాక ఐదు వాటాలు వేశారు. ఐదో వాటా ధర్మానికి. ఆ ధర్మనిధితో వారు మొదట పెట్టింది సత్రం కాదు, ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూటు. అక్కడ పంపులు, మోటార్లు, లేతు మిషన్లు తయారు చేసి బజారులో అమ్మేవారు. పని నేర్చుకునే కుర్రవాళ్లు ఆ సరుకు తయారీలోనే నేర్చుకునేవారు. 1951లో దాని పక్కనే పి.ఎస్.జి. ఇంజనీరింగు కాలేజీ వచ్చింది. క్లాసు గదికి, ఫౌండ్రీకి మధ్య నాలుగు అడుగుల దూరం. శ్రీ నాయుడు కాలం గురించి పట్టుబట్టారు, వీరు స్థలం గురించి పట్టుబట్టారు. మా ప్రాంతంలో ఒక కాలేజీకి వార్త కోసం వెళ్లినప్పుడు వర్క్‌షాపు చూపమంటే తాళంచెవి దొరకడానికే అరగంట పట్టింది. లేతు మిషను మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు.

చేసినవి, చేయనివ్వనివి

శ్రీ నాయుడు చేతిలో తయారైన వస్తువుల జాబితా పెద్దది. చిన్న మోటారుతో నడిచే గడ్డం గీసుకునే విద్యుత్ రేజరు చేశారు. దానికి రసాంత్ అని పేరు. చాలా పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే మిషను, కిరోసినుతో నడిచే ఫంకా, దొంగ ఓట్లకు వీలు లేకుండా ఓట్లు లెక్కించే యంత్రం, ఫిలిం కెమెరాకు దూరం సరిచేసే పరికరం కూడా చేశారు. గోడ గడియారాలు, రేడియోలు ఆయన కర్మాగారాల నుంచి వచ్చాయి. ఓట్ల యంత్రం చేసిన వారికి ఓట్లు మాత్రం పడలేదు. 1936-37 శాసనసభ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారు.

1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే చేసి ఇవ్వగలనని ప్రకటించారు. రేడియో అంటే ఊరికి ఒకటి కూడా లేని కాలం అది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారు చేసి 2,000 రూపాయలకు ఇవ్వగలనన్నారు. అప్పటికి 1951 నాటి పరిశ్రమల చట్టం వచ్చింది. చాలా వస్తువుల తయారీకి ఢిల్లీ నుంచి లైసెన్సు కావలసి వచ్చేది. కారు తయారీకి లైసెన్సు రాలేదు. ఆ కారు అక్కడే ఆగిపోయింది. పన్నుల విషయంలోనూ ఆయనకు ప్రభుత్వంతో పొసగలేదు.

ఇందులో ఆయన తప్పు లేదని కూడా అనలేం. ఒక వస్తువు పూర్తికాక ముందే మరొకదాని మీదికి మనసు పోయేది. గడియారం, రేజరు, రేడియో, కారు అంటూ ముప్పై దారుల్లో నడిచిన ఆయన ఏ ఒక్కదాన్నీ దేశమంతా అమ్ముడుపోయే పెద్ద పరిశ్రమగా నిలబెట్టలేదు. ఆ ఊళ్లో ఆయన తరువాత వచ్చిన వారు ఒక్క పంపునో ఒక్క మోటారునో పట్టుకుని కూర్చుని మన ఊళ్ల దాకా తెచ్చి అమ్మారు. అయితే వారికి పని తెలిసిన మనుషులు దొరికారంటే కారణం ఈ ముప్పై దారులేనని కూడా అక్కడి వారు అంటారు.

వ్యవసాయంలోనూ చేయి పెట్టారు. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేశారు. మనిషి ఎత్తు దాటి పెరిగిన పత్తి మొక్కలు ఆయన తోటలో ఉండేవి. ఆ తోట చూడడానికి సర్ సి.వి.రామన్ వచ్చారు. శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు కూడా వచ్చారు. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదును వరదల నుంచి కాపాడే పథకం వేసిన విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది మన మోక్షగుండమే. ఒకరు పెద్ద చదువు చదివి మైసూరు దివానైన ఇంజనీరు, మరొకరు బడి నుంచి పారిపోయిన మెకానిక్కు. ఇద్దరూ ఆ తోటలో ఏమి మాట్లాడుకున్నారో గాని, పరిశ్రమలు లేకపోతే దేశానికి దారి లేదన్న విషయంలో ఇద్దరిదీ ఒకే దారి.

ఫొటోలంటే ఆయనకు ప్రాణం. 1936లో లండనులో ఐదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో చిత్రించారు. గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్ర బోసు ఆయన కెమెరాకు చిక్కిన వారిలో ఉన్నారు. విదేశాలకు చాలాసార్లు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ కొత్త యంత్రమో, కొత్త ఆలోచనో వెంట తెచ్చేవారు. 1960వ దశకంలో ఒకరోజు ఉదయం పునాది వేసి సాయంత్రానికి ఇల్లు పూర్తి చేయించి చూపారు. మన కాలనీ ఇళ్లు ఎన్నేళ్లకు పూర్తవుతున్నాయో పాఠకులే ఎరుగుదురు.

ఇప్పుడు ఏమి మిగిలింది

1974 జనవరి 4న శ్రీ నాయుడు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు ఎనభై నిండింది. ఆయన చేసిన వస్తువులు, తెచ్చిన యంత్రాలు కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఆయన పేరుతో ఉన్న పారిశ్రామిక ప్రదర్శనశాలలో ఉన్నాయి. పక్కనే పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. పళనికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లే మన జిల్లాల వారు కోయంబత్తూరు మీదుగా పోతే, ఇంజనీరింగు చదివే పిల్లలు వెంట ఉంటే, ఒక పూట ఆగి చూడవచ్చు. ఆయన జీవితం మీద ఫిలిమ్స్ డివిజను తీసిన డాక్యుమెంటరీకి జాతీయ అవార్డు వచ్చింది.

2025 అక్టోబరులో అదే అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవైన ఫ్లైఓవరు ప్రారంభమైంది. తమిళనాడు ప్రభుత్వం దానికి జి.డి.నాయుడు పేరు పెట్టింది. ఆ దారిలోనే పీలమేడు దగ్గర ఒక బస్సు స్టాపు వస్తుంది. అక్కడ ఇప్పుడు ఆ కాలేజీ లేదు, మారిపోయి దశాబ్దాలైంది. అయినా కండక్టర్లు ఆ స్టాపును హోప్ కాలేజీ అనే పిలుస్తారు.